రెండో కాగితం అమ్మకు చదవవద్దు

అన్నయ్యా, పైన సన్నగా రాసిన ఈ నాలుగు ముక్కలు మనసులో చదువుకో. కవరులో రెండు కాగితాలున్నాయి. మొదటిది ఎప్పటిలాగే అమ్మకీ వదినకీ పైకి చదివి వినిపించు. రెండోది తీసి చొక్కా జేబులో పెట్టుకుని, పనిగదిలో నువ్వొక్కడివే ఉన్నప్పుడు చదువు. అందులో సలోమి గురించి నిన్నొక మాట అడిగాను. నా గురించి కాదు, నేను పుట్టకముందు ఉప్పెనలో పోయిన సలోమి గురించి.

చిలకలపూడిలో దానియేలు అన్నయ్యకూ, అమ్మకూ, వదినకూ,

ప్రభువు పేరట మీ సలోమి రాసుకునే వందనాలు. దేవుని దయవల్ల నాకు ఒంట్లో బాగుంది. అమ్మ కన్ను ఎలా ఉంది? ఆపరేషన్ అయిన కంట్లో ఇంకా నీరు కారుతోందా? చుక్కల మందు రోజుకు నాలుగుసార్లంటే నాలుగుసార్లే. బాగా కనిపిస్తోంది కదా అని మానేస్తే ఇక్కడినుంచే కేకలేస్తాను. వదిన నడుం నొప్పి తగ్గిందా? పిల్లలు బడికి సరిగ్గా వెళ్తున్నారా? అన్నయ్య దగ్గు సంగతి అన్నయ్య ఎలాగూ రాయడు, వదినే రాయాలి. నగలకు పూతపెట్టే గదిలో కిటికీ తెరిచి పనిచేస్తున్నాడని నమ్ముతున్నాను. ఇంత దూరం నుంచి నమ్మడం తప్ప నేను చేయగలిగిందేముంది!

అమ్మా, నేను అన్నం తింటున్నాను. రోజూ తింటున్నాను. ఇంగ్లండులో బియ్యం దొరకవని నీకెవరు చెప్పారో గానీ, ఇక్కడ దొరకనిది ఎండ ఒక్కటే. మధ్యాహ్నం మూడున్నరకే దీపాలు పెట్టేస్తారు. వాన పడదు, ఆగదు, ఊరికే గాలిలో వేలాడుతుంటుంది. బట్టలు ఆరడానికి మూడు రోజులు. నాతోపాటు ఒకే ఇంట్లో ఉండే లిస్సీ అని మలయాళీ నర్సు గురించి పోయినసారి రాశాను కదా, ఆ అమ్మాయికి మన ఎండురొయ్యల వేపుడు ప్రాణం. మొన్న వేయిస్తుంటే పక్కింటివాళ్ళు కిటికీలన్నీ మూసుకున్నారు, లిస్సీ మాత్రం గిన్నె గోకి తినేసింది. ఇంక పొట్లం అడుగుకొచ్చింది. ఎవరైనా ఇటు వచ్చేవాళ్ళుంటే రొయ్యలు, గోంగూర పచ్చడి పంపించండి. పచ్చడి సీసా మూతకి గుడ్డ కట్టండి, పోయినసారి నా చీరలన్నీ గోంగూర వాసనే.

పని బాగానే సాగుతోంది. మా వార్డులో అందరూ ముసలమ్మలు. నడుం పట్టి లేపడం, స్నానం చేయించడం, మాత్రలు మింగించడం, మళ్ళీ పడుకోబెట్టడం. మన ఆసుపత్రుల్లోలాగా మంచం చుట్టూ చుట్టాలుండరు. అందుకని కబుర్లన్నీ మాతోనే. ఊరు సముద్రం పక్కన ఉందని నువ్వు దిగులు పెట్టుకున్నావట. ఒడ్డంతా రాతిగోడ కట్టారమ్మా. నేను ఆ వైపే వెళ్ళను.

ఆదివారం చర్చికి వెళ్తున్నాను. చర్చి అయ్యాక మా ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఆలన్, ఆయన భార్య మార్గరెట్ మా ఇద్దరినీ భోజనానికి పిలుస్తారు. మంచి మనుషులు. తిన్నాక అందరం బల్ల చుట్టూ కూర్చుని ఒక ఆట ఆడతాం. పేకాట కాదమ్మా, కంగారుపడకు. కథ చెప్పుకునే ఆట. ఒక్కొక్కరం ఒక మనిషిలా మాట్లాడాలి. నేను బజారులో నగలమ్మే ఆవిడని, ఆమెకి వదిన పేరే పెట్టాను. రత్నం. వదినా, కోప్పడవద్దు, నీలాగే బేరం చేస్తుంది, ఒక్క పైసా తగ్గదు. మార్గరెట్‌కి ఒక జత చెవిబుట్టలు పంపమని అన్నయ్యకి చెప్పు, పూత గట్టిగా ఉన్నవి.

పిల్లలకి ముద్దులు. వీధిలో అందరినీ అడిగానని చెప్పండి. అమ్మా, నా కోసం ప్రార్థన చెయ్యి. ఈ కాగితం నిండిపోయింది.

అన్నయ్యా, ఇది రెండో కాగితం. పక్కన ఎవరైనా ఉంటే మడిచి పెట్టేసెయ్.

ఫోనులో అడుగుదామనుకున్నాను. కానీ మన వీధి చివర కొట్లోకి నువ్వొచ్చి రిసీవర్ అందుకుంటే నాలుగిళ్ళవాళ్ళు చుట్టూ నిలబడతారు. పైగా ఈ మాట నీ చెవిలో పడగానే ఫోను పెట్టేస్తావు. కాగితాన్ని అలా పెట్టెయ్యలేవు కదా. చింపినా చదివే చింపుతావు, నాకు తెలుసు.

అమ్మకి రాసిన ఆట గురించే. ఆ ఆటలో ప్రతివాళ్ళూ ఒక మనిషిని తయారుచేసుకుని, ఆ మనిషికి బలమెంత, తెలివెంత, ఏమేం చేతనవును, అన్నీ ఒక కాగితం మీద రాసుకుంటారు. ఊళ్ళు, కోటలు, రాక్షసులు, కథంతా ఆలన్ నడుపుతాడు. కష్టమైన పని ఏదైనా చేయాలంటే ఇరవై ముఖాల పాచిక వేయాలి. పెద్ద అంకె పడితే పని అయినట్టు. లిస్సీ ఒక సైనికుడు, మార్గరెట్ ఒక మంత్రగత్తె. నాకు ఆలన్ తాను సొంతంగా తయారుచేసిన రకం ఇచ్చాడు. రెండు బతుకుల మనిషి. అందరికీ ఒక కాగితమైతే నాకు రెండు. ఒకటి పగలు ఊరందరికీ తెలిసిన మనిషిది, రెండోది ముసుగు వేసుకున్నప్పటి మనిషిది. పేర్లు వేరు, చేతనైన పనులు వేరు. ఎవరూ చూడని చోటే మారాలి. ఒకరు చేసినదాన్ని రెండోవారు ఒప్పుకోకూడదు. ఇద్దరూ ఒకరేనని తెలిసిపోతే రెండు కాగితాలకూ బలం పోతుంది.

ఆ నియమాలు వింటుంటే నాకు నవ్వొచ్చింది. పుట్టినప్పటినుంచి నేను ఆడుతున్నది అదేగా!

నీకు తెలియనిది కాదు, అయినా రాస్తాను, మన ఇంట్లో ఎవరూ ఎప్పుడూ పైకి అనలేదు కాబట్టి. మనవాళ్ళు కోడూరులో ఉండగా ఉప్పెన వచ్చినప్పుడు నీకు తొమ్మిదేళ్ళు, సలోమికి అయిదు. అందరూ చర్చి కప్పు మీదికి ఎక్కారు. దాని చెయ్యి నీకు అప్పగించారు. నీళ్ళు తీశాక నువ్వొక్కడివే ఉన్నావు. నాకు చెప్పింది అంతే. మరుసటి ఏడు నేను పుట్టాను. నన్ను బాప్తిస్మానికి తీసుకెళ్ళినప్పుడు అమ్మ చర్చి అయ్యగారితో అన్న మాట నాన్న తన చివరి రోజుల్లో నాకు చెప్పాడు. "మా సలోమి ఎక్కడికీ పోలేదయ్యగారూ, తిరిగొచ్చింది. కొత్తగా రాయమాకండి. ఉన్నదే దిద్దండి." ఆయన కాదనలేక చర్చి రిజిస్టరులో పాత వరసలోనే ఏడాది ఒక్కటీ కొట్టేసి పైన వేరే ఏడాది వేశారు. పేరు, తేదీ, నెల దానివే ఉంచేశారు. ఆ వరస చూసి రాసిన బాప్తిస్మం చీటీయే బడిలో ఇచ్చారు. ఆ తేదీయే నర్సింగ్ సర్టిఫికెట్‌లోకీ, పాస్‌పోర్టులోకీ వచ్చింది. మొన్న వార్డులో నా పుట్టినరోజని కేకు కోయించారు. అది నా రోజు కాదని వాళ్ళకెలా చెప్పను? నేను పుట్టిన రోజేదో నాకే తెలియదు.

సరే, ఆట. పగటి మనిషికి వదిన పేరు పెట్టాను. ముసుగు మనిషికి పేరు తోచలేదు. ఆలన్ నవ్వుతూ "నీ పేరే పెట్టుకో, దాక్కోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు" అన్నాడు. రాశాను. వారం తర్వాత ఆ కాగితం చూసి ఆయన "ఇదేమిటి, ముసుగు మనిషికి అయిదేళ్ళా?" అని అడిగాడు. వయసు గడిలో అయిదు అని ఉంది. నా చేతిరాతే. ఎప్పుడు రాశానో నాకు గుర్తు లేదన్నయ్యా. దిద్దుతానంటే, బాగుంది ఉండనీ అన్నాడు.

అప్పటినుంచి చిన్న చిన్నవి జరుగుతున్నాయి. సలోమి కాగితం ముందు పెట్టుకున్నప్పుడల్లా నేను కుర్చీలోకి కాళ్ళు ముడుచుకుంటున్నానట. రత్నం మాట్లాడేటప్పుడు కాళ్ళు నేల మీదే ఉంటాయట. "నేలేమైనా తడిగా ఉందా?" అని మార్గరెట్ వంగి బల్ల కింద చూసింది కూడా. ఇంకొకటి. కథలో సలోమిని ఎవరు పట్టుకున్నా, ఎలా కట్టినా, విడిపించుకోవడానికి పాచిక వేస్తే ఇరవై పడుతుంది. వరసగా మూడు ఆదివారాలు. ఆలన్ పాచిక మార్చాడు. మళ్ళీ ఇరవయ్యే. మిగతా వాటికి మామూలుగా మూడో పదకొండో పడుతుంది. పట్టు విడిపించుకోవడానికి మాత్రం ఇరవై. మొదట చప్పట్లు కొట్టారు, తర్వాత కొట్టడం మానేశారు.

ఉప్పెన సంగతి నేను వాళ్ళకెవరికీ చెప్పలేదు. లిస్సీకి కూడా. అయినా పోయిన నెల ఒక ఆదివారం ఆలన్ కథలో ఊళ్ళోకి సముద్రం వచ్చింది. ఊరికే కథకోసమే రాసుకున్నాడు పాపం. మేం ధాన్యం గిడ్డంగి కప్పు మీద ఉన్నాం. లిస్సీ సైనికుడు ఒక చేత్తో దూలాన్ని, ఒక చేత్తో సలోమి మణికట్టును పట్టుకున్నాడు. "నీళ్ళు నడుం దాకా వచ్చాయి. పట్టు నిలుస్తుందో లేదో పాచిక వెయ్యి" అన్నాడు ఆలన్. లిస్సీ వేసింది. పంతొమ్మిది. అందరూ హమ్మయ్య అన్నారు. "పిల్ల క్షేమం. నీళ్ళు తగ్గుతాయి" అని ఆలన్ తన కాగితం తిప్పబోయాడు.

అడగకుండానే నేను పాచిక వేశాను. చూడకుండానే ఎంత పడిందో నాకు తెలుసు. "వదిలించుకున్నాను" అన్నాను.

నాకు గుర్తున్నది ఆ ఒక్క మాటే. తర్వాత చూస్తే మార్గరెట్ నా చేతిలో మంచినీళ్ళ గ్లాసు పెడుతోంది, లిస్సీ మొహం పాలిపోయి ఉంది. నేను ఒక్క మాట కాదట, చాలాసేపు మన భాషలో మాట్లాడానట. కథ మరిచిపోకుండా ఆలన్ ప్రతి ఆటా టేపురికార్డరులో పెట్టుకుంటాడు. ఆ క్యాసెట్ నాకిచ్చేశాడు, తన ఇంట్లో వద్దన్నాడు. మర్నాడు సెలవు. అన్నం వండుకుని తిని, మధ్యాహ్నం వెలుతురు ఉండగానే లిస్సీ టేపులో పెట్టి విన్నాను.

ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. "అన్నయ్యా, నీ చెయ్యి నొప్పెడతంది గదా. ఏడవమాక. నా గాజు ఊడి నీ చేతిలోకొచ్చింది, దాన్నట్టుకో. నన్ను నువ్వొదల్లా. నేనే లాక్కున్నా. అమ్మ కొడితే చెప్పు, నువ్వొదల్లేదని."

గొంతు నాదే. కానీ నేను ఎప్పుడూ అంత మెల్లగా మాట్లాడను, నీకు తెలుసు.

అన్నయ్యా, గాజు సంగతి నాకెవరూ చెప్పలేదు. నాన్న చెప్పలేదు, అమ్మకి తెలుసో లేదో. అది వినగానే నీ పని గుర్తొచ్చింది. నువ్వు గొలుసులు చేస్తావు, కమ్మలు చేస్తావు, పెద్దవాళ్ళ గాజులు చేస్తావు. చిన్నపిల్లల గాజులు మాత్రం ఎంత పెద్ద షావుకారు అడిగినా చేయవు. వదిన అడిగితే గిట్టదంటావు. నా చిన్నప్పుడు వీధిలో ప్రతి ఆడపిల్ల చేతులకీ గాజులుండేవి, నా చేతులు బోసి. ఒకసారి నాన్న బందరు బజారు నుంచి నాకు గాజులు తెస్తే నువ్వు రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఎంత తిట్టుకున్నానో నిన్ను! చెల్లెలంటే కుళ్ళని అనుకున్నాను. క్షమించు.

నేను దయ్యాలను నమ్మను. నర్సును, మనుషులు పోవడం చాలా చూశాను. పోయినవాళ్ళు ప్రభువు దగ్గర ఉంటారు, ఎక్స్‌రేలు తీసేవాడి ఇంట్లో బల్ల దగ్గర కూర్చోరు. అందుకని బాగా ఆలోచించి ఒక కారణం వెతుక్కున్నాను. నాకు ఎనిమిదేళ్ళప్పుడు నీకు టైఫాయిడ్ వచ్చింది, పది రోజులు ఒళ్ళు తెలియకుండా పలవరించావు. నేను నీ పక్కనే చాప మీద కూర్చుని తడిగుడ్డ వేసేదాన్ని. అప్పుడు విని ఉంటాను, మనసులో ఎక్కడో పడి ఉంటుంది, ఇప్పుడు బయటికొచ్చింది. లిస్సీకి కూడా ఇదే చెప్పాను. ఆమె తలూపింది.

అలా సరిపెట్టుకుని రెండు రోజులు హాయిగా పనిచేసుకున్నాను. మూడో రోజు ఒకావిడకి జడ అల్లుతుంటే తట్టింది. నువ్వు పలవరిస్తే "నేను వదిలేశాను" అని పలవరిస్తావు. ఇరవై ఆరేళ్ళుగా నువ్వు అనుకుంటున్నది అదే. అందుకే ఏ చర్చి మెట్లూ ఎక్కవు, చర్చిలో నా పెళ్ళి మాటలు జరిగినప్పుడు కూడా బయటే నిలబడ్డావు. "నేనే లాక్కున్నా" అనే మాట నీ నోట రాదు. అది నీకు తెలియదు. ఆ రాత్రి కప్పు మీద ఆ పిల్ల ఒక్కదానికే తెలుసు.

అప్పటినుంచి నాకు ఒంటరిగా గదిలో ఉండాలంటే భయంగా ఉంది. అబద్ధమెందుకు, చాలా భయంగా ఉంది. కానీ అది నన్నేమైనా చేస్తుందని కాదు. దాని పేరు, దాని పుట్టినరోజు, రిజిస్టరులో దాని వరస, అమ్మ ఒడిలో దాని చోటు, అన్నీ నేను తీసుకుని కూర్చున్నాను. దానికి నిలబడడానికి చోటేది? పోయిందని ఒక ప్రార్థన కూడా ఎవరూ చేయలేదు. నా కాగితం మీద ఒక్క గడి ఖాళీగా దొరికితే వచ్చి వయసు రాసుకుంది. అంతకంటే ఏమడిగింది పాపం.

ఆలన్ ఆ కాగితాన్ని చింపెయ్యమన్నాడు, వేరే మనిషిని రాసిస్తానన్నాడు. చింపలేదు. నీ చెల్లెలి కాగితం, చింపాలో వద్దో చెప్పాల్సింది నువ్వు. బైబిల్లో పెట్టాను.

ఇప్పుడు నిన్ను అడగాల్సినవి అడుగుతాను. ఆ గాజు నీ దగ్గర ఉందా? ఉంటే ఉందని, లేకపోతే లేదని రాయి. లేదని రాస్తే నాకు మతి చెడిందనుకుని డాక్టరు దగ్గరికి వెళ్తాను. ఉందని రాస్తే మాత్రం, ఇక్కడినుంచి నేను చెప్పేది నువ్వు చేసి తీరాలి.

బస్సెక్కి కోడూరు వెళ్ళు. చర్చి లోపలికి వెళ్ళు, గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడి వచ్చేయకు. ఇప్పటి అయ్యగారితో జరిగింది చెప్పి, రిజిస్టరులో దాని ఏడాది దానికి వేయించు. నాకు కొత్త వరస రాయించు, ఎంత కింద రాసినా సరే. సమాధుల దొడ్డిలో ఒక చిన్న రాయి పెట్టించు. శరీరం లేకపోయినా పరవాలేదు, ఆ ఊళ్ళో అలాంటివి చాలా ఉన్నాయి. ఒక మాట ముందే చెప్తున్నాను. ఆ రాయి మీద ఉండే పేరు నాది, పుట్టిన తేదీ, నెల నా పాస్‌పోర్టులోవే. చెక్కినవాడు తుడిచి చూపించగానే నీకు ఒళ్ళు జలదరిస్తుంది. భయపడకు. నేను ఇక్కడ బతికే ఉన్నాను, అన్నం తింటున్నాను, ఎప్పటిలాగే నీతో పోట్లాడుతున్నాను.

ఆ తర్వాత అమ్మకి నువ్వే చెప్పాలి. ముందు గాజు చేతిలో పెట్టు, తర్వాత మాట చెప్పు. ఏడుస్తుంది. కన్ను పాడవుతుందని ఆపకు, డాక్టరు ఏమన్నా అననీ, ఏడవనీ. ఇన్నేళ్ళుగా ఆమెను ఏడవనివ్వకుండా నేను అడ్డం కూర్చున్నాను. అంతా అయ్యాక, ఆమె మనసు కుదుటపడ్డాక, ఒక్క సంగతి అడిగి రాయి. నేను ఏ రోజు పుట్టానో. తేదీ గుర్తు లేకపోతే వానాకాలమో ఎండాకాలమో, పగలో రాత్రో, పొలంలో అప్పుడేం పని జరుగుతోందో, అమ్మకు గుర్తున్నది ఏదైనా సరే. నాకంటూ ఒక రోజు కావాలి అన్నయ్యా.

నీ మీద నాకు ఏ కోపమూ లేదు. దానికీ లేదు. అది చెప్పమన్నది చెప్పాను, ఇక నమ్మడం నీ వంతు.

నీ దీవెనలు కోరుకుంటూ, ఇట్లు

నీ రెండో చెల్లెలు